సోములు ఫోను వచ్చేదాకా దోసకాయే

“అమ్మమ్మగారూ, పెరట్లో చెట్టునిండా మామిడికాయలున్నాయి కదండీ, పప్పులోకి దోసకాయ కొన్నారేంటండీ?”

హాస్టల్లోంచి మా ఇంటికొచ్చి వారం కాలేదు, అప్పుడే వంటింటి మీద కన్నేసేవే. కూర్చో జ్యోతీ, ఆ కత్తిపీట ఇటు జరుపు. మా అత్తగారి రోజుల్లో అయితే దోసకాయ కొనడమేంటి, దొడ్డినిండా పాదులే. సరే, ఏం చెప్తున్నాను... ఆఁ, సోములమ్మ. నీకంటే ముందు ఈ ఇంట్లో ఉండి నీలాగే నర్సింగు చదివింది. అదీ మీ ఏజెన్సీ పిల్లే, మారేడుమిల్లి అవతల కొండమీద ఊరు. అప్పటికి తాతగారు ఉన్నారు... లేరు లేరు, అంతకుముందేడే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయేరు. నేనూ రిటైరయ్యేను. ఇన్నేళ్ళు నర్సుగా చేసి ఊరికే కూర్చోడమేంటని, మీ వైపు పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చదివించుకుందామనుకున్నాను. మొదటొచ్చింది అదే.

నాకేమో మామిడికాయ లేనిదే ముద్ద దిగదు. ఎండాకాలం వచ్చిందంటే పప్పులో అదే, ఎండు రొయ్యల్లో అదే, చేపల పులుసులో అదే, ఆఖరికి కొబ్బరి పచ్చట్లోనూ అదే. ఈ పిల్లేమో కంచం ముందు కూర్చుని, ఇంత మజ్జిగన్నం తిని లేచిపోయేది. ఏమ్మా అంటే “ఆకలి లేదండీ, ఆయ్” అనేది. ఆయ్ అనడం మాత్రం ఇక్కడికొచ్చి బాగా నేర్చింది.

నర్సుని కదా, నాకు మనిషి కనపడితే రోగమే కనపడుతుంది. నులిపురుగుల మాత్రేసేను. రక్తం తక్కువేమోనని టానిక్కు తాగించేను. నాలిక చాపమన్నాను, కనురెప్పలు లాగి చూసేను. మా పాస్టరుగారిని పిలిచి ప్రార్థన కూడా చేయించేను. పాపం, అన్నింటికీ బుద్ధిగా కూర్చునేది. అన్నం మాత్రం తినేది కాదు.

ఓరోజు వార్డులో ట్రే పట్టుకునే కళ్ళు తిరిగి పడిపోయింది. వాళ్ళ నర్సింగు స్కూలు మేడంగారు నన్ను పిలిచి, “ఈ పిల్ల నిలబడలేకపోతోందండీ, ఇంటికి పంపిద్దాం, కుదుటపడితే వచ్చే ఏడు చూద్దాం” అన్నారు. చూస్తే పరీక్షలు దగ్గరపడ్డాయి. చదువు మధ్యలో ఇంటికెళ్ళిన పిల్ల మళ్ళీ ఆ కొండ దిగొస్తుందన్న నమ్మకం నాకు లేదు.

ఇంటికొచ్చి బ్యాగు సర్దుకుంటా, ఏడుస్తా అప్పుడు చెప్పింది అసలు సంగతి. “మా ఊళ్ళో మామిడికాయ పండగ చేసి, కొత్త కాయ ముందు దేవతకి పెట్టాలండీ. అప్పటిదాకా ఎక్కడున్నా ముట్టకూడదండీ. నేను తింటే ఊరికి కీడండీ” అంది. మరి నాతో చెప్పొచ్చు కదే అంటే, “మీరు చర్చికెళ్ళేవారు కదండీ, మా దేవత మాటెత్తితే ఉండనివ్వరేమోనని” అంది.

నవ్వాలో ఏడవాలో తెలీలేదు నాకు. ఓసి పిచ్చిదానా, మా చర్చిలో కోతపండగ లేదేంటే? తొలి అరటిగెల మందిరంలో పెట్టేకే కదా మేమైనా తినేది. మా నాన్నగారైతే ఆ గెల చర్చికి మోసుకెళ్ళేదాకా మమ్మల్ని ఆ దరిదాపులకి రానిచ్చేవారు కాదు. అదే చెప్పి, బ్యాగు లాక్కుని లోపల పడేసేను. ఆ పూట బీరకాయ పప్పు చేస్తే మారు అడిగి తింది. దాన్ని చూస్తుంటే నాకే కడుపు నిండిపోయింది.

మర్నాడు మేడంగారి దగ్గరికెళ్ళి, పిల్లకి నేను పూచీ అని చెప్పేను. ఇంక ఈ ఇంట్లో మామిడికాయ బంద్. దాని ముందు కూర్చుని నేనొక్కదాన్నీ ఎలా తింటానే? పక్కింటి సుబ్బలక్ష్మిగారైతే, “చెట్టు పెట్టుకుని కూరగాయల బండి దగ్గర నిలబడతారేంటండీ” అని ఒకటే ఎగతాళి. అననీ.

పరీక్షలు రాసింది, పాసయ్యింది. ఈలోగా పండగైందని వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు చేతికిచ్చి కాయలు పంపేడు. చిన్నకాయలు, ఒట్టి పీచు, పులుపంటే పులుపు. మా పెరట్లో కొత్తపల్లి కొబ్బరి మామిడి ముందు ఏ మూలకి? అయినా అంత రుచిగా మామిడికాయ నేనెప్పుడూ తినలేదే, నిజం.

ఇప్పుడు మీ కొండల్లోనే ఆసుపత్రిలో చేస్తోంది. కానుపుకి ఆసుపత్రికి రామని మొండికేసినోళ్ళు కూడా, సోములు వెళ్ళి పక్కన కూర్చుంటే ఆటో ఎక్కుతున్నారట. పండగవగానే ఏటా ఫోను చేస్తుంది, “అమ్మమ్మగారూ, మాది అయ్యిందండీ, ఇంక తినండి” అని. ఈ ఏడు ఇంకా రాలేదు. అందుకే దోసకాయ.

ఇంకోటి. మొన్న సుబ్బలక్ష్మిగారు పప్పు మామిడికాయ పంపితే, “నాకు వేడి చేస్తుందండీ” అని గిన్నె జరిపేసేవు. చూసేను, అడగలేదు. తల దించుకుంటావెందుకే? మీ ఊళ్ళో పండగెప్పుడో మీ అమ్మకి ఫోను చేసి కనుక్కో. సోములు వాళ్ళది ముందైపోయినా సరే, మీది కూడా అయ్యేకే ఈ ఇంట్లో మామిడికాయ తరగడం. కాయలు పండి రాలితే రాలనీ, చిలకలు తింటాయి. నువ్వు మాత్రం కడుపునిండా తిని వార్డులో గట్టిగా నిలబడు తల్లీ. చల్లగా ఉండు, నీ చేతిమీద పదిమందీ చల్లగా ఉండాలి... ముందా దోసకాయ చివర కోసి నాలిక్కి రాసి చూడు, చేదేమో.