మధ్యమ పురుష

కాలు ఆ బల్ల మీద చాపుకో జితేంద్రా, మొహమాటపడకు. ఆదివారం ఫుట్‌బాల్ ఆటలో మోకాలు బెణికిందని ఈషా చెప్పింది. ఇంతకూ మైదానంలో నీ చోటేది? మిడ్‌ఫీల్డా. అట్లా చెప్పు మరి. ఆ మాట వింటే చాలు, తూరె లిండ్‌మార్క్ నా కళ్లముందు నిలుస్తాడు. నీకు తెలియడులే, నువ్వు చదువుకని జర్మనీకి, ఈ ఇంగోల్‌స్టాట్‌కు రాకమునుపే కాలం చేశాడు. స్వీడన్ దేశస్థుడు. వయసులో ఉండగా ఇక్కడికి దగ్గర్లోని ఒక చిన్న ఊరి క్లబ్బుకు ఆడటానికి వచ్చాడు, ఆట విరమించాక కూడా తిరిగి వెళ్లలేదు. మేము ఈ వీధికి వచ్చేనాటికి తల నెరిసిన వృద్ధుడు. నడక మాత్రం, ఏమని చెప్పను, యతి తప్పని పద్యంలా ఉండేది. ఎక్కడ ఆగవలెనో ఆ పాదాలకు తెలుసు. నాతో తొలిపలుకే ‘దూ’ అన్నాడు. మర్యాదగా మీరు అనే ‘జీ’ వాడవలసిన చోట, నువ్వు అనే ‘దూ’. బస్టాపులో నిలబడి ఉంటే పక్కకు వచ్చి, ‘నువ్వూ ఆ బస్సుకేనా, ఇవాళ అది రాదు’ అన్నాడు. మా మనవరాలు ఈషా గతుక్కుమని, ‘తాతయ్యా, ఆయన నిన్ను నువ్వు అంటున్నారు’ అంది. ఏళ్లతరబడి కళాశాలలో తెలుగు చెప్పినవాణ్ని, అందరూ మాస్టారూ అనడమే గాని, మా నాన్నగారు పోయాక నన్ను అంత చనువుగా పిలిచినవారు లేరు. కోపం రావలసింది. సంతోషమే వేసింది. వాళ్ల దేశంలో అందరినీ అట్లాగే అంటారట. క్లబ్బులో అడుగుపెట్టిన తొలిరోజే అధ్యక్షుల వారిని ‘దూ’ అంటే, ఆ పెద్దమనిషి నోట్లోని చుట్ట జారి ఒళ్లో పడిందట.

ఎంతవరకు వచ్చాను? ఆఁ, మిడ్‌ఫీల్డు. తూరె ఆడిందీ మైదానం మధ్యనే. ఒకనాడు ఆయనతో, ‘అయితే మీరు మధ్యములన్నమాట’ అన్నాను. ఈషా దాన్ని జర్మనులోకి ఎట్లా దించిందనుకున్నావు? ‘ఓ మోస్తరు ఆటగాడు’ అని. ఉత్తముడు, మధ్యముడు, అధముడు ఉన్నారే, ఆ మధ్యముడన్నమాట. నాకు ప్రాణం చివుక్కుమంది. ఆయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, ‘పత్రికలవాళ్లూ అదే రాశారు’ అన్నాడు. సర్దిచెప్పబోయి వ్యాకరణం విప్పాను. ‘అయ్యా, మా భాషలో నేను అనేది ఉత్తమ పురుష, వాడు అనేది ప్రథమ పురుష. మధ్యమ పురుష అంటే నువ్వు.’ ఆయన నవ్వు ఆగిపోయింది. ‘మైదానంలో నేను అరిచిన మాట అదొక్కటే. నువ్వు తీసుకో, నువ్వు పరుగెత్తు’ అన్నాడు. అని, హోర్స్ట్ సంగతి ఎత్తాడు.

హోర్స్ట్ అంటే ఆ ఊరి రొట్టెలవాడి కొడుకు, ముందువరసలో ఆడేవాడు, ఈయనకు ప్రాణస్నేహితుడు. ఆ ఏటి చివరి ఆట గెలిస్తే క్లబ్బు పెద్ద లీగులోకి వెళుతుంది. సమయం అయిపోవస్తోంది. బంతి ఈయన కాళ్ల దగ్గర ఉంది, ఎదురుగా గోలీ ఒక్కడే. తానే కొట్టవచ్చు. కొట్టకుండా, పక్కన పరుగెత్తుకొస్తున్న హోర్స్ట్‌కు అందించాడు. హోర్స్ట్ తన్నితే బంతి స్తంభానికి తగిలి బయటకు పోయింది. క్లబ్బు ఇక ఎన్నడూ పైకి రాలేదు. హోర్స్ట్ తండ్రిగారి దుకాణంలో కూర్చుంటే, కొనవచ్చినవాళ్లు ‘రొట్టె ఇవ్వు నాయనా, కాస్త గురిచూసి ఇవ్వు’ అనేవారట. ముసలివాడయ్యేదాకా అన్నారు. అయినా వాడి కక్ష వాళ్ల మీద కాదు. ‘తూరె భయపడ్డాడు, ఆ భయాన్ని తెచ్చి నా కాళ్ల మీద పడేశాడు’ అని. ఆనాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ‘వాడన్నది నిజమేనేమో విశ్వనాథ్, ఇన్నేళ్లుగా నాకే తెలియడం లేదు’ అన్నాడు తూరె. అంత పొడుగు మనిషి, ఆ మాటంటూ ఎంత చిన్నవాడైపోయాడనుకున్నావు.

కొన్నాళ్లకు ఆయనకు జబ్బు చేసింది. వైద్యులు పెదవి విరిచారు. ఒక ఉదయం మా గుమ్మంలోకి వచ్చి, ‘నువ్వు నాతో రా, హోర్స్ట్ ఇంటికి పోవాలి’ అన్నాడు. వెళ్లాం. అప్పటికి నాకూ జర్మను కాస్త వంటబట్టిందిలే. తలుపు తీసిన హోర్స్ట్ ఈయన్ని ఎగాదిగా చూసి, ‘ఏం కావాలి మీకు’ అన్నాడు. ‘జీ’ అన్నాడు నాయనా. ఒక కంచంలో తిన్నవాణ్ని పట్టుకుని మీరు అన్నాడు. మనకు ఆ మాట గౌరవం. ఆ గుమ్మంలో అది గడియ వేసినట్టు వినిపించింది. ‘ఎదురుగా గోలు పెట్టుకుని ఆ బంతి నాకెందుకు ఇచ్చారు’ అన్నాడు మళ్లీ. తూరె గోడ పట్టుకుని నిలబడ్డాడు. ‘భయపడి కాదు హోర్స్ట్. ఈ మధ్యనే తెలిసింది. బంతి నా దగ్గరికి వస్తే నా నోట నేను అన్న మాట ఎప్పుడూ రాలేదు. నువ్వు కనిపించావు, ఇచ్చాను. ఇవాళ ఆడినా నీకే ఇస్తాను.’ హోర్స్ట్ తలుపు పూర్తిగా తీసి, పక్కకు తప్పుకుని, ‘నీ కాళ్లు వణుకుతున్నాయి. లోపలికి రా’ అన్నాడు.

లోపల ఏం మాట్లాడుకున్నారంటావా? నాకేం తెలుసు. బస్సుకు వేళయిందని చెప్పి వచ్చేశాను... అదిగో, చినుకులు. ఈషా, బాల్కనీలో బట్టలున్నాయమ్మా.