గుంట తవ్వేదాకా

కీలుంగ్ నగరంలోని కొండవాలులో కొత్త ఇళ్ల కోసం తవ్విన మట్టి ముందు, నగరపాలక సంస్థ తనిఖీ అధికారి ఖో యీచున్ గొడుగు ముడిచి నిలబడింది. మర్నాడు మధ్యాహ్నానికల్లా తుఫాను తాకుతుందని హెచ్చరిక వచ్చింది.

“సంతకం పెట్టేయండి మేడం. పునాది మొదలెట్టుకుంటాం” అన్నాడు మేస్త్రీ తూ.

“బురదనీళ్లు ఆపే గుంట ఏదండీ?”

“ప్లానులో ఉందిగా.”

“వాన మీ ప్లాను చదువుకుని వస్తుందా? కింద ఏడు ఇళ్లున్నాయి. జూన్‌ వానకి అందులో ఒక పెద్దావిడ వంటింట్లో మోకాల్లోతు బురద.”

“తెలుసు. ఆ బురద ఎత్తిపోసింది నేనే.”

యీచున్ అతని మొహంలోకి చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

“తెలిసీ సంతకం అడుగుతున్నారా?”

“అడగమన్నది మా యజమాని. గుంటకి ఒక రోజు దండగట. నా మాట వినడు. మీరు ఆపితే చచ్చినట్టు వింటాడు.”

“పని ఆపమని రాస్తే ముందు మీ మీద పడతాడు కదా?”

“పడనివ్వండి. గుంట తవ్వేదాకా ఇంకే పనీ ముట్టుకోవద్దని గట్టిగా రాయండి.”

ఆమె కలం తీసింది. అలాగే రాసి ఇచ్చింది. తూ ఆ కాగితం పైకెత్తి, తవ్వే యంత్రం వైపు గొంతు చించుకున్నాడు:

“తమ్ముడూ, ఆఫీసు ఆర్డరొచ్చింది! ముందు గుంట తవ్వాలి, ఇటు తిప్పు!”

చినుకులు మొదలయ్యాయి. యీచున్ కారెక్కలేదు. వాలు మీద కూలీలు పరుస్తున్న టార్పాలిన్‌కి రెండో కొస పట్టుకుంది.