నింగమ్మ రొట్టెలకు పదహైదు నిమిషాలే

సిరిగేరిలో నింగమ్మ వంటిల్లు. ఆమె పెనం ముందు కూర్చుని జొన్నరొట్టెలు కాలుస్తోంది. ఆమె అన్న కూతురు అక్షత లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది.

"మళ్ళా పదహైదు నిమిషాలే అంటాండాది చూడు పాపా ఇది. పొద్దున ఫోన్ తెరిస్తే పదహైదు. పిండి కలుపుకొని వచ్చి చూస్తే పదహైదు. ఇప్పుడు చూసినా పదహైదే. ఈ గడియారానికి పొద్దు పోదా?"

"అది అట్లనే ఉంటాది అత్తా. మనం రొట్టెలమ్మే పేజీ ఎవురు తెరిచినా 'ఈ ధర ఇంక పదహైదు నిమిషాలే' అని చూపిస్తాది. సున్నాకు వచ్చేలోపల కొనల్లని జనం బేగ నొక్కుతారు."

"సున్నా అయితే?"

"ఏం కాదు. మళ్ళా తెరిస్తే మళ్ళా పదహైదు."

"అయ్యో శివనే! నెల్లాళ్ళు డబ్బాలో పెట్టినా చెడిపోని కడక్ రొట్టెకు పదహైదు నిమిషాల తొందరేంది మే? ఇవేమన్నా పాలా, విరిగిపోయేకి?"

"నవ్వు అత్తా, నవ్వు. ఆ గడియారం పెట్టినాకనే గదా బెంగళూరు నుంచి ఆర్డర్లు వస్తాండేది? సౌభాగ్యక్కను కూడా రొట్టెలు తట్టేకి పిలుచుకుంటివి."

"వస్తే వచ్చినాయిలే. బళ్ళారి నుంచి ఒకామె ఫోన్ చేసి ఏమనిందో తెలుసా? గడియారం చూసి భయపడి, పొయ్యి మీద చారు వదిలేసి వచ్చి నొక్కిందంట. చారంతా పొంగిపాయనంట."

"ఎన్ని కట్టలు తీసుకునింది?"

"నాలుగు."

"మరి చారు పోతే పోయిందిలే."

"నవ్వులాట కాదు, దాన్ని తీసెయ్."

"యాల?"

"తీసెయ్ అంటే తీసెయ్. నా పేరు పెట్టి, నా ఫోటో పెట్టి, దాని కింద అబద్ధం రాస్తే ఎట్ల?"

"ఓహో, అబద్ధమంటే అంత కోపమా! సిరుగుప్ప సంతలో 'ఇదే ఆఖరి కట్టమ్మా, మళ్ళా దొరకదు' అని అరుస్తాంటివి. గంపలో గుడ్డ కింద ఇంకా ఎన్ని కట్టలు ఉంటాండెనో నేను చూడలేదా?"

"అది వేరే."

"ఎట్ల వేరే?"

"అది మనిషి మొగం చూసి చెప్పేది. ఎవురికి చెప్పల్ల, ఎవురికి చెప్పకూడదు అని మొగం చూస్తే తెలుస్తాది. మనసులో కొనల్లని ఉండి కూడా ఊరికే నిలబడి నసిగేటోళ్ళు ఉంటారు చూడు, వాళ్ళకే చెప్తాంటి. నీ గడియారం మొగం చూస్తాదా? వచ్చినోళ్ళందరినీ ఒకటే తరుముడు."

"సరే, ఎవురిని తరిమింది? పేరు చెప్పు."

"ఎవురో ఒకరు."

"ఎవురో అంటే?"

"రొట్టె మాడతాండాది, ఉండు."

"మాడలేదులే, నేను చూస్తానే ఉండా. చెప్పు అత్తా."

"కుడతినిలో ఉంటాడు. కరెంటు ఫ్యాక్టరీలో పని."

"పంపాపతప్పనా? వారం వారం ఆర్డర్ పెడతాడు గదా! మంచి గిరాకీ."

"ఆ, పెడతాడు. టక్కున నొక్కుతాడు, టక్కున పోతాడు. నీ గడియారం రాకముందు ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాండె. రొట్టెలు పల్చగ తట్టినావా, నువ్వులు వేసినావా, మీ ఊర్లో వాన పడిందా, నీ మోకాలు ఎట్ల ఉండాది అని…"

"రొట్టె కొనేకి మోకాలు యాల అత్తా?"

"సుమ్నె నోరు మూసుకోని ఉండు మే."

"ఉండను. మోకాలికి ఏం చెప్తాంటివి?"

"నొస్తాండాదని చెప్తాంటి."

"నీకు మోకాలు నొప్పి ఎప్పుడొచ్చింది?"

"రాలేదు. తగ్గిందని చెప్తే వచ్చే వారం ఏమడుగుతాడు పాపం?"

"అత్తా! నువ్వు ఇంత గడుసుదానివని మా నాయినకు తెలుసా?"

"నవ్వకు పాపా. మీ మామ పోయినప్పటి నుంచి 'తిన్నావా నింగమ్మా' అని అడిగిన మనిషి ఆయప్ప ఒక్కడే. ఆయప్పకూ ఇంట్లో ఎవురూ లేరు, భార్య పోయి చానా దినాలాయ. నాకు ఆయప్పంటే ఇష్టమే. నీ దగ్గర దాచేదేముంది?"

"మరి ఆయప్పకు?"

"ఇష్టమనే చెప్పినాడు. మన ఇండ్లల్ల రెండో మనువంటే మొగోడే ఇంటికొచ్చి, ఆడమనిషి అన్నను అడగల్ల గదా. వస్తా అంటాడు. షిఫ్టు మారినాక వస్తా అనె. షిఫ్టు మారె. కొత్త చొక్కా కుట్టించుకొని వస్తా అనె. ఆ చొక్కా ఉతికి ఉతికి పాతదాయ."

"అయితే నా గడియారానికీ ఆయప్పకూ తేడా ఏముంది అత్తా? ఎప్పుడు చూసినా అంతే మిగిలి ఉంటాది."

"నువ్వు ఎగతాళి చేస్తాండావు గానీ, నాకు భయమైతాండాది. ఫోను చేసినన్ని దినాలు, ఈ వారం కాకపోతే వచ్చే వారమన్నా వస్తాడులే అనుకుంటాంటి. ఇప్పుడు ఆ మాట కూడా లేదు. మాటే లేనోడు ఇంటిదాకా యాడొస్తాడు?"

"నువ్వే అడగరాదా, వస్తావా రావా అని?"

"నేనడిగితే పిలిపించుకున్నట్ల అవుతాది. మీ నాయిన ముందర నాకు చిన్నతనం కాదా? ఆయప్పే రావల్ల, తనంతట తాను."

"సరే, ఇదో తీసేస్తాండా… అత్తా, నీ ఫోన్ మోగుతాండాది. ఎవురిది ఇది? పేరు పెట్టకుండా పువ్వు బొమ్మ పెట్టుకున్నావే!"

"ఇట్లియ్. కాదు, ఉండు. మొగం కనపడేటట్ల పెట్టు."

"అబ్బో! వీడియోనా? చెంపకు పిండి అంటుకోని ఉండాది, తుడుచుకో."

"నాది కాదు, ఆయప్ప మొగం కనపడల్ల. ఆ, అట్ల."

"నింగమ్మా, నేను… పంపాపతిని."

"కనపడతాండావులేప్పా. బాగుండావా?"

"బాగుండా. నీ మోకాలు ఎట్ల ఉండాది?"

"నొస్తానే ఉండాది."

"అయ్యో. ఏంలేదు, రొట్టెలు కొందామని మీ పేజీ తెరిస్తి. నువ్వులవా, మామూలువా అని ఆలోచన చేస్తాంటే సున్నా అయిపాయ. ఇంక దొరకవేమోనని ఫోన్ చేస్తి."

"రొట్టెలు యాడికీ పోవప్పా. ఎప్పుడు తెరిచినా ఉంటాయి."

"హమ్మయ్య. అయితే నిదానంగా…"

"అది రొట్టెల సంగతి. నా సంగతి అట్ల కాదు. సోమవారం కెంచనగుడ్డ నుంచి వస్తాండారు, మా అన్నను అడిగేకి."

"ఏమడిగేకి?"

"ఏమడుగుతారు? నన్నే."

"ఎవురు నింగమ్మా?"

"కనకప్ప అని. నది పక్కన వరిమడి ఉండాదంట. నెమ్మదస్తుడంట. మా అన్న సరే అనేటట్లే ఉండాడు."

"మరి నువ్వు? నువ్వేమంటివి?"

"నేనేమంటా? వచ్చి అడిగినోళ్ళకే గదా జవాబు చెప్పేది. రానోళ్ళకు ఏం చెప్తారు?"

"నింగమ్మా."

"చెప్పప్పా."

"మీ అన్న ఇప్పుడు ఇంట్లో ఉండాడా?"

"ఉండాడు. మజ్జిగ తాగి పండుకున్నాడు. సాయంత్రం దాకా యాడికీ పోడు."

"పోవద్దని చెప్పు. నేను బయల్దేరతాండా. చొక్కా… ఏదో ఒక చొక్కా. వస్తాండా."

"మెల్లగ తోలుకోని రా అప్పా బండి. తొందరేం లేదు."

"పెట్టేసినాడు! అత్తా, ఇంత పెద్ద మాట నాతో అననే లేదే నువ్వు? మా నాయిన కూడా చెప్పలేదు. ఎవురు ఆ కెంచనగుడ్డ కనకప్ప?"

"నాకేం తెలుసు పాపా? కెంచనగుడ్డలో మనకు తెలిసినోళ్ళు ఎవురుండారు? పోయి మీ నాయినను లేపి మొగం కడుక్కోమను. ఇంకోటి, ఆ గడియారం ఉండనీలే, తీసెయ్యొద్దు."