సిమెంటు ఆరేదాకా

కాదండీ బావగారూ, అసలు నేను చేసిన నేరమేమిటో చెప్పండి! ఆగండాగండి, చెప్పకండి. నోరు తెరిచే ఉంచండి. దూది జారిందంటే పన్ను తడిసిపోయి కథ మళ్లీ మొదటికొస్తుంది. సిమెంటు ఆరేదాకా మీరు వినాలి, నేను మాట్లాడాలి. మనిద్దరి మధ్యా ఈ ఏర్పాటు నా పెళ్లినాడే జరిగుంటే ఎంత బావుండేది!

ఫిల్లింగ్ ఊడిందన్నారు. సరే, ఊడింది, ఒప్పుకుంటాను. కానీ మిమ్మల్ని ఇక్కడికి పంపింది పన్ను కాదు, మీ చెల్లెలు. బయట తను పేషెంట్ల పేర్లు రాసుకునే బల్ల దగ్గర మీ ఇద్దరి గుసగుసలు నాకు వినపడలేదనుకున్నారా? "కాస్త గట్టిగా చెప్పన్నయ్యా" అంది. ఏదీ, చెప్పండి గట్టిగా! "ఆ... ఆ..." అంటే అవుననా, కాదనా?

ఆవిడ చెప్పిన కథలో నేను దొంగనై ఉంటాను. నేను చెబుతా వినండి. ఇందులో నేను దొంగా, తిండిపోతూ కూడాను.

పిల్లలొస్తారు కదా, జేబుల్నిండా చాక్లెట్లు పెట్టుకుని. నేను కళ్లజోడు ముక్కు మీదికి దించి, ఇదిగో ఈ స్టీలు గిన్నె చూపిస్తాను. "ఇందులో వేసెయ్ తల్లీ, పురుగులు నీ పళ్ల కోసమే కాచుక్కూచున్నాయి" అంటాను. పాపం, వేస్తారు. వాళ్ల అమ్మలు నన్ను మహానుభావుణ్ణి చూసినట్టు చూస్తారు. మధ్యాహ్నం ఓ అరగంట తలుపేసుకుని, బూట్లు విప్పి, మీరిప్పుడు పడుకున్న ఈ కుర్చీనే వెనక్కి వాల్చుకుని, ఆ మహానుభావుడు ఆ చాక్లెట్లు తింటాడు.

కళ్లు అంత పెద్దవి చెయ్యకండి. దవడ కదులుతుంది.

మొన్న ఒకావిడ కూతురి చెయ్యి పట్టుకుని పరుగున వచ్చింది, పొద్దున పెట్టిన ఫిల్లింగ్ అప్పుడే ఊడిపోయిందని. మీ చెల్లెలు కంగారులో తలుపు తట్టకుండా తోసేసింది. ఏముందక్కడ? చిరిగిన సాక్సులోంచి నా బొటనవేలు, దాని వెనక కొండలా పొట్ట, ఆ వెనక ఉబ్బిన బుగ్గ. ఆ పిల్ల నేల మీది ఎర్ర కాగితం చూసింది. నా బుగ్గ చూసింది. "అమ్మా, అది నాది!" అంది.

నేనేం చెయ్యను? ఉమ్మేస్తే తప్పొప్పుకున్నట్టు. మింగితే గొంతుకడ్డం. అలాగే బుగ్గన పెట్టుకుని "పరీక్ష చేస్తున్నానమ్మా" అన్నాను. ఏం పరీక్షో నాకూ తెలీదు.

అంతే, సాయంత్రానికి మీ చెల్లెలి తీర్పొచ్చేసింది. సోమవారం నుంచి గిన్నె ఉండదు, మధ్యాహ్నం తలుపు మూయడం ఉండదు, ఆ అరగంటా కూడా పేషెంట్లేనట! దాన్ని అమలు చెయ్యడానికి పోలీసుగా మీరు.

నేనొప్పుకోను. ఏం చేసుకుంటారో చేసుకోండి!

వారమంతా నేను చూసేదేమిటండీ? నోళ్లు. పొద్దున తల దూరిస్తే దీపాలు పెట్టే వేళకి తీస్తాను. మెడ ఒక పక్కకే తిరుగుతోంది. వీధిలో ఎవరైనా రెండో పక్కనుంచి పలకరిస్తే లారీ తిప్పినట్టు ఒళ్లంతా తిప్పాలి. నన్ను చూసి మనసారా నవ్వేవాడు కూడా లేడు, పళ్లు లెక్కపెడతానని భయం. నేనేమైనా విమానాలెక్కించమన్నానా? సముద్రం ఒడ్డున బంగళా అడిగానా? ఒక కుర్చీ, ఒక చాక్లెట్, ఒక అరగంట. దానికి కూడా కాపలాయేనా?

చెయ్యెత్తారేం? నొప్పా? కాదా? అభిప్రాయమా? అభిప్రాయమైతే ఓర్చుకోండి, దానికి నా దగ్గర మత్తింజక్షన్ లేదు.

ఆ పడుకునేదేదో ఇంటికెళ్లి పడుకోవచ్చుగా అంటున్నాయి మీ కళ్లు. ఇంట్లో మంచం లేక కాదండీ...

కాస్త ఇలా దగ్గరికి రండి. రాలేరు కదూ, నేనే వంగుతాను.

ఆ పైన రెక్క విరిగిన వెంటిలేటర్ కనబడుతోందా? దానికి అవతల పేషెంట్లు కూర్చునే గది. మధ్యాహ్నం మీ చెల్లెలు వీధి తలుపు గడియ పెట్టి, ఆ సోఫాలో కాళ్లు పైకి ముడుచుక్కూచుంటుంది. ఇక్కడ ఈ కుర్చీ మోటారు గుర్రుమని ఆగుతుంది. ఆగిందంటే నేను నిద్రపోయానని ఆవిడ నమ్మకం. కాసేపు చూస్తుంది. అప్పుడు పాడుతుంది.

అవును, మీ చెల్లెలే! నవ్వకండి, దూది!

శ్రుతి లేదు. మీ ఇంట్లో ఎవరికుంది గనక! చరణం మర్చిపోతే, పొద్దున్నుంచీ ఫోన్‌లో చెప్పిన మాటలే ఆ ఖాళీలో పెట్టి పాడేస్తుంది, "రేపు రండీ... ఏమైనా తిని రండీ..." అని. నా ఎదుట పాడమంటే "నాకెక్కడొచ్చు?" అంటుంది. ఒకసారి నోరు జారి "ఇందాక ఏదో పాడినట్టున్నావే" అన్నాను. వారం దాకా చిన్న కూనిరాగం కూడా లేదు!

మరి చాక్లెట్ ఎందుకంటారా? బుగ్గన ఏదో ఒకటి లేకపోతే నిద్రపడుతుంది. నిద్రపడితే గురక. నా గురకలో ఆవిడ పాటే కాదు, బ్యాండుమేళం కూడా వినపడదు.

ఇప్పుడా అరగంటలో పేషెంట్లని కూర్చోబెడితే పోయేది నా ఒక్కడిదేనా? కోపంలో తన సోఫా తనే ఇచ్చేసుకుంటోంది పిచ్చిది. ఆ ముక్క చెబుదామంటే విన్నానని తెలిసిపోతుంది. అందుకని తిండిపోతుగానే ఉంటాను. సోమవారం తలుపు మూస్తాను. గిన్నె దాచేస్తే జేబులో తెచ్చుకుంటాను. పిల్లలంతా కిటికీ దగ్గర చేరి "దొంగ డాక్టర్" అని అరవనీ, నాకేం సిగ్గు!

ఆఁ! ఆఁ, వస్తున్నామే! ఇంకా ఆరలేదు!

...ఆరింది బావగారూ. ఎప్పుడో ఆరింది. ఇన్నాళ్లలో నా మాట చివరిదాకా విన్నది మీరొక్కరే, అందుకని దూది తియ్యబుద్ధి కాలేదు.

ఇదిగో, తీశాను. మాట్లాడబోకండి, ఇందాకటి మత్తింజక్షన్‌కి సాయంత్రం దాకా మూతి మొద్దుబారే ఉంటుంది, మీరేమన్నా ఆవిడకి అర్థం కాదు. గట్టిగా చీవాట్లు పెట్టాననీ, మొండిముండావాడు వినలేదనీ చేతులతో చెప్పండి చాలు.

మీ జేబులో ఏం పెట్టాననా? చాక్లెట్. ఎర్ర కాగితందే.

ఈ పక్కన నమలకండి.