తాడు మీద సెయ్యేసినోళ్ళ వాటా

సూరాడ కొండమ్మని ఉండీదంట, మా అమ్మకి అత్త వరస. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది అనుకో. ఓ ఏడు తుపానొచ్చినప్పుడు ఆయమ్మ పెద్దకోడలికి నొప్పులొచ్చీసినాయి. ఎటెల్దామన్నా దారి నేదు. ఇసక దిబ్బ మీద, ఆ వర్సంలోనే పురుడొచ్చినాదంట. ఆడోళ్ళు నలుగురూ సీరలడ్డం పట్టినారు గానీ ఆ గాలికి సీరలాగుతాయేటి? తల్లీ బిడ్డా బతికినారు, గానీ కొండమ్మకి బయ్యం పోనేదు. సిన్నకోడలు నూకరత్నం కొత్తగా కాపరానికొచ్చినాది, రేపు ఆ పిల్లకీ ఇదే గతయితే ఏటి సెయ్యాల? అందుకని ఆ దిబ్బ మీద తుపాను షెల్టరు కట్టించాలని ఊరందర్నీ లేపినాది. ముసలీ ముతకా అందరూ తట్టల్తో మట్టి మోసి, దిబ్బని ఇంకో మనిసెత్తు లేపీసినారంట.

అప్పుడేటైందంటే, తుపానుకి దెబ్బతిన్న ఊళ్ళకి గ్రాంటిస్తారని ఓ ఆఫీసరు బాబు జీపులో వొచ్చినాడు. దిబ్బ సూసినాడు, బాగుందన్నాడు. గానీ మీ ఊరు కూడా కొంత వాటా పెట్టాలమ్మా, అదీ డబ్బుగానే పెట్టాలి, రూలు అలా ఉంది అన్నాడు. పడవలు పోయినోళ్ళం, వలలు పోయినోళ్ళం, డబ్బెక్కడిది? "అయితే రాదమ్మా" అన్నాడంట. పాపం, ఆయనకీ బాదగానే ఉంది.

అంతలో ఒడ్డు మీంచి కేక. ఊరికి మిగిలిన ఒక్క పడవేసుకుని పెద్దవల ఏసినారు. పెద్దవలంటే తెలుసు కదా, పడవెల్లి సముద్రంలో వలేసొస్తే, రెండు పక్కలా తాళ్ళట్టుకుని ఊరూరంతా ఒడ్డుకి లాగాల. ఆ కేక ఇంటే మావోళ్ళు పెళ్ళిపీటల మీంచయినా లేచి పరిగెడతారు. ఆఫీసరు బాబు ఒక్కడే మిగిలిపోనాడు, ఆయనా ఎనకాలే వొచ్చి నిలబడ్డాడు. వల బరువు, తాడు జారిపోతంది. కొండమ్మ ఎనక్కి తిరిగి, "సూస్తావేటి బాబూ, ఓ సెయ్యెయ్యి" అన్నాది. ఆయన బూట్లిప్పీసి, ప్యాంటు మడిచి, పట్టినాడంట. లాగినాడు, ఎనక్కి కూలబడ్డాడు, మళ్ళీ లేచి లాగినాడు. వీళ్ళు హైలెస్సా అంటే తనూ హైలెస్సా అన్నాడు. ఆఫీసులో ఎప్పుడైనా అలా నవ్వినాడో నేదో మరి.

వల ఒడ్డెక్కినాది, నిండా నెత్తళ్ళ సేపలు. వాటాలేసినప్పుడు ఆయన ముందు కూడా ఓ కుప్ప పోసినారు. ఇదేంటమ్మా అంటే, నీ వాటా బాబూ అన్నారు. "నా వల కాదు, పడవ కాదు, నేనొక్క రూపాయి పెట్టలేదు, నాకు వాటా ఏంటి?" అన్నాడు.

"రూపాయి ఎవులడిగినారు బాబూ? తాడు మీద సెయ్యేసినావా నేదా?" అన్నాది కొండమ్మ.

"వేశాను."

"సెయ్యేసినోడికి వాటా ఉంది. మా తాతల కాడ్నించీ అదే రూలు. మరి ఆ దిబ్బ మీద ఊరంతా సేతులేసినాం కదా. మాకు నేదంటావేటి?"

ఆయన తన అరిసేతులు సూసుకున్నాడంట. తాడు ఒరిసీసి ఎర్రగా కందిపోనాయి. ఆ తరవాత నెత్తళ్ళు జీపులో ఏసుకుని, "నీ రూలు మావాళ్ళకి చెప్పొస్తానమ్మా" అని ఎల్లినాడు. పైవోళ్ళ కాడికి తిరిగినాడు, కాదంటే మళ్ళీ తిరిగినాడు. ఆకరికి ఊరు మోసిన మట్టినే ఊరి వాటా కింద లెక్క కట్టించినాడు. గ్రాంటొచ్చినాది, షెల్టరు లేచినాది. తరవాత వొచ్చిన తుపానుకి బయట సముద్రం గోల పెడతంటే, లోపల పొడినేల మీద నూకరత్నానికి ఆడపిల్ల. సముద్రంకన్నా ఆ పిల్లే గట్టిగా ఏడ్సినాదంట, ఊరంతా నవ్వుకున్నారు. కొండమ్మ మాత్రం ఆ పిల్లనొళ్ళో ఎట్టుకుని ఎక్కెక్కి ఏడ్సినాది, సంతోసంతో.

ఆ పిల్ల నానే. ఇంతసేపూ ఊ కొట్టినారు, కథ ఉత్తినే ఇన్నారు, మంచిదే. నెత్తళ్ళు కావాలంటే మాత్రం తెల్లారి ఒడ్డుకొచ్చి తాడు పట్టాల.