నిప్పు చీమల జాడ తెలిసిన మొగిలయ్య గారు

శ్రీ మొగిలయ్య గారు 1990 ఏప్రిల్ 3వ తేదీన, పదో తరగతి ధ్రువపత్రం చేత పట్టుకుని, దోమల మందు కొట్టే కార్మికునిగా మన కీటక నియంత్రణ విభాగంలో అడుగుపెట్టారు. ముప్పై అయిదేళ్ల అవిచ్ఛిన్న సేవ అనంతరం, క్షేత్ర పర్యవేక్షకుని హోదాలో ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఆ మాన్యుని గురించి ఈ సంచికలో రాసే అవకాశం నాకు లభించడం మహద్భాగ్యంగా భావిస్తున్నాను. కాగితాల మీద నేను ఆయనకు పైఅధికారిని. పని మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

తొలి తొమ్మిదేళ్లూ ఎర్రగడ్డ మురుగు నాలాల వెంట, బల్కంపేట సందుల్లో, వీపున మందు డబ్బాతో ఆయన నడవని వీధి లేదు. 1999లో క్షేత్ర సహాయకులయ్యారు. ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంవత్సరం మాత్రం 2006. పంజగుట్టలోని ఒక క్వార్టర్స్ పచ్చికలో నిప్పు చీమలు పుట్టలు పెట్టాయి. అమెరికా ఖండాల నుంచి ఓడల్లో తరలివచ్చి ఎన్నడో మన దేశంలో స్థిరపడిన జాతి అది. చూడడానికి మామూలు ఎర్రచీమే. కానీ కోరలతో చర్మాన్ని పట్టుకుని, తోక కొండితో మళ్లీ మళ్లీ కుడుతుంది. కుట్టినచోట నిప్పు అంటుకున్నట్టు మండి, మర్నాటికి పొక్కు లేస్తుంది. మొగిలయ్య గారు ఆ పుట్టల్లో కిరోసిన్ పోయించారు. వారం తిరక్కుండా చీమలు పక్క రెండిళ్ల గోడల్లోంచి బయటపడ్డాయి.

ఆ పరాభవాన్ని ఆయన మరచిపోలేదు. ఎక్కడెక్కడివో ఇంగ్లిష్ కరపత్రాలు సంపాదించి, ఎనిమిదో తరగతి చదువుతున్న కుమార్తె మానస చేత చదివించుకుని, తెలుగులో నోటు పుస్తకానికి ఎక్కించేవారు. "బాపూ, ఒక్కొక్క పుట్టల ఒక్క రాణే ఉంటదని లేదంట. కొన్నిట్ల మస్తుమంది ఉంటరంట!" అని ఆ అమ్మాయి చదివి చెప్పిన వాక్యం, కింద రెండు గీతలతో, నేటికీ ఆ పుస్తకంలో ఉంది.

ఆ రోజుల నుంచే ఆయన చొక్కా జేబులో ఆలుగడ్డ చిప్స్ పొట్లం ఉండేది. మందు కలిపిన మేత వేసేముందు ఒక చిప్స్ ముక్క నేల మీద పెట్టి, చీమలు ఆహారానికి తిరుగుతున్నాయో లేదో చూసేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన ఒక పెద్దాఫీసరు, అది అల్పాహారం అనుకుని చనువుగా పొట్లమంతా ఖాళీ చేశారు. సంగతి తెలిసి ఆ ఆఫీసరు కంగారు పడితే, "ఏం ఫికర్ చేయకుండ్రి సార్. దాంట్ల మందు లేదు. చీమలకు ఇంకో పొట్లం తెస్త" అన్నారట మన మొగిలయ్య గారు.

ఇక నా కథ చెప్పక తప్పదు. 2016లో నేను ఎమ్మెస్సీ పట్టాతో, కాకినాడ నుంచి సహాయ కీటక శాస్త్రవేత్తగా వచ్చాను. ఆషాఢ మాసం. అమీర్‌పేటలోని ఒక కాలనీ పార్కు గోడ పొడుగునా పదకొండు నిప్పు చీమల పుట్టలు కనిపించాయి. వెంటనే మందు కొట్టమన్నాను.

"వద్దు సార్. పైన తిరిగేటివే సస్తయ్, రాణులు లోపలికి దిగుతయ్. రేపు ఒక్క పుట్ట నాలుగైతది. మేత పెడదాం, జర టైమియ్యుండ్రి" అన్నారు మొగిలయ్య గారు.

"టైమెక్కడుందండీ? ఆదివారం బోనాలు. జనమంతా చెప్పుల్లేకుండా ఈ దారినే నడుస్తారు" అని నేను మాట కొట్టేశాను.

మందు కొట్టించాను. పుట్టలు మాయమయ్యాయి, పండుగ గడిచింది, కాలనీవాసులు నాకు శాలువా కప్పారు. పదో రోజున పెద్ద వాన పడింది. తెల్లారేసరికి ముప్పై ఏడు పుట్టలు లేచాయి. అదే గోడ పక్కన కూర్చుని పూలమ్మే రత్నమాల అనే ఆమె కాళ్ల నిండా చీమలు కుట్టాయి. కొందరి ఒంటికి ఆ విషం పడదు. ముఖం వాచి, ఊపిరాడక ఆమె పడిపోయింది. మొగిలయ్య గారు ఆమెను చేతుల మీద ఎత్తుకుని మా జీపులో ఆసుపత్రికి చేర్చారు. కాస్త ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు చెప్పారు.

విచారణ జరిగింది. మందు కొట్టవద్దని ముందే చెప్పారా అని మొగిలయ్య గారిని అడిగారు. ఆయన అబద్ధమాడలేదు.

"చెప్పిన సార్. పదేండ్ల కింద నేను సుత గిదే తప్పు చేసిన. ఎందుకు వద్దంటున్ననో ఈ సారుకు కూసోబెట్టి చెప్పాల్సుండె, నిలబడి ఒక్క మాటన్న. ఆయనను శిక్షిస్తే చీమలు పోవు. మా ఇద్దరికి రెండు వానాకాలాలు ఇయ్యుండ్రి."

ఇచ్చారు. నూనెలో నానిన మొక్కజొన్న నూకకు నెమ్మదిగా పనిచేసే మందు పట్టించి, వాన లేని పొద్దుల్లో చల్లాము. వెంటనే చంపే మందైతే మోసే చీమ దారిలోనే చస్తుంది. ఇదైతే నోటి నుంచి నోటికి అందుతూ పుట్ట అడుగున రాణి దాకా చేరుతుంది. మరోవైపు, చీమలు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతుకుతూ మొగిలయ్య గారు పార్కుకు మొక్కలు సరఫరా చేసే హనుమత్ప్రసాద్ గారి నర్సరీకి నన్ను తీసుకెళ్లారు.

"ఏంటండీ, నా కుండీల్లోంచి వచ్చాయంటారా?" అని ఆయన కోప్పడ్డారు. మొగిలయ్య గారు ఒక కుండీని గోనెసంచి మీద బోర్లించి తట్టారు. వేళ్ల మధ్య తెల్లని గుడ్లు, రెక్కల చీమలు. ఆ వారమే హనుమత్ప్రసాద్ గారు కుండీలన్నిటినీ ఇనుప బల్లల మీదికి ఎక్కించి, చీమలున్న మొక్కల అమ్మకం ఆపేశారు.

2017 అక్టోబరులో పార్కు చుట్టూ నలభై చోట్ల చిప్స్ ముక్కలు పెట్టి చూశాము. ఒక్కచోట కూడా నిప్పు చీమ రాలేదు. అప్పటికే రత్నమాల గారు తన పాత చోట పూల గంప దించుకుని కూర్చున్నారు. "ఇంక ఫికర్ లేదా అన్నా?" అని ఆమె అడిగితే, "నగరంల ఇంక ఉన్నయమ్మా. ఈడ మాత్రం లెవ్వు. మళ్లొస్తే చెప్పు" అన్నారాయన. చేయని పనిని చేశామని ఆయన ఏనాడూ చెప్పలేదు.

నేడు మన విభాగంలో మేత చల్లే ఇరవై ఆరుగురికీ ఆయనే గురువు. ఆ ఇరవై ఆరుగురికి తోడు ఇరవై ఏడవవాడినని సగర్వంగా చెప్పుకుంటున్నాను.

శ్రీ మొగిలయ్య గారూ, మీ ధర్మపత్ని రుద్రమ్మ గారితో, మానస కుటుంబంతో మీరు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మా అందరి ఆకాంక్ష. పరుల పాదాలకు ముల్లంత బాధ కలగకూడదని ముప్పై అయిదేళ్లు నేలనే చూస్తూ నడిచారు. ఇకనైనా తలెత్తి, తీరిగ్గా, ఎటు చూడాలనిపిస్తే అటు చూస్తూ నడవండి.

— వీరవెంకటసత్యనారాయణ,
సహాయ కీటక శాస్త్రవేత్త