బేబీ వేయించిన కరపత్రం

ఏం చదువన్నావే అమ్మలూ? పబ్లిక్ రిలేషన్సూ, అడ్వర్టైజింగా? మీ నాన్న మొహం ముడుచుకున్నాడా? వాడికేం తెలుసు, వాణ్ణి నా దగ్గర ఉంచిందే ఆ చదువు. నవ్వకు. మీ తాతయ్య చెల్లెలు బేబీ ఇదే చదివింది. నువ్వు చూళ్ళేదులే, నువ్వు పుట్టకముందే కామెర్లొచ్చి పోయింది. రాజోలు అవతల చిన్న కాలేజీ, క్లాసుకి పదిమంది కూడా ఉండేవారు కాదు. "బోర్డులు రాయడానికి కూడా డిగ్రీయా?" అని చర్చి మెట్ల మీద ఒకటే ఎగతాళి. "ఆయ్, ఆ బోర్డు చూసి మీరే వస్తారండి" అనేది. దానికి నోరుంది. నాకు లేదు.

మీ తాతయ్య పోయేక, మీ నాన్న రెండో తరగతి, మా అన్నయ్య ఇస్సాకు నాకు పాస్‌పోర్టు చేయించేసేడు. పిల్లోణ్ణి వాళ్ళింట్లో వదిలేసి నేను కువైట్ వెళ్ళాలి, ఇళ్ళల్లో పనికి. ఈస్టర్ దాకా ఆగన్నయ్యా అని బతిమాలి, ఈ వీధివాకిట్లోనే టిఫిన్ సెంటర్ పెట్టేను. పెట్టేనే గానీ సిగ్గుతో నేను తెర వెనకాల నుంచి బయటికి వస్తేనా! వచ్చినవాళ్ళు "ఎవరూ లేరా అండీ?" అని చూసి వెళ్ళిపోయేవారు. పిండి పులిసిపోయేది.

అప్పుడు బేబీ వాళ్ళ కాలేజీ మాస్టారు సుందరరావు గారు, మార్కుల కోసం ఏదో ఒక కొట్టుకి ప్రచారం చేసి జనాన్ని రప్పించండి అన్నారంట. "నీ కొట్టే వదినా" అంది బేబీ. కరపత్రం వేయించి ఊరంతా పంచింది. పైన శిలువ, బైబిలు వాక్యం. మధ్యలో పూల చట్రంలో నా ఫొటో. కింద ఇంతింత అక్షరాలతో "శ్రీమతి ఎలీసమ్మ. శనివారం ఉదయం బంధుమిత్రులందరూ రావలెనని ప్రార్థన." ఇడ్లీ, పెసరట్టు మాట అడుగున చీమ తలకాయంత. మనవాళ్ళు అలాంటి కాగితం ఎప్పుడేస్తారే? మనిషి పోతే, ఆదరణ కూడికకి కదూ!

శనివారం తెల్లారేసరికి గుమ్మంలో ఏడుపులు. ముందు రైసుమిల్లు పద్మావతి గారు. "ఎంత నెమ్మదస్తురాలమ్మా, ఒకళ్ళని మాటని ఎరగదు" అని కూలబడిపోయేరు. నేను తెర వెనకాల గరిటె పట్టుకుని వింటున్నాను. నా గురించి అంత మంచిగా అనుకుంటున్నారని నాకేం తెలుసు తల్లీ. వెనకాలే మాస్టారు, చేతిలో దండ. బేబీకి మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా తెర లాగేసి, నా రెక్క పట్టుకుని బయటికి ఈడ్చింది. "తప్పు నాదండీ, క్షమించాలి. వదిన నిక్షేపంలా ఉందండి. ఎలాగూ వచ్చేరు, అట్టు తిని వెళ్ళండి." పద్మావతి గారు నన్ను గిల్లి చూసేరంటే నమ్ము! ఏడ్చినవాళ్ళే కడుపు పట్టుకుని నవ్వేరు. పిండి చాల్లేదు.

మాస్టారు రెండట్లు తిని, ఆ దండ ఎక్కడ పెట్టాలో తెలీక కుర్చీకి తగిలించేరు. "కాగితానికి మార్కుల్లేవమ్మా. ఇంటింటికీ వెళ్ళి క్షమాపణ చెప్పుకో. నువ్వు ఏడిపించినవాళ్ళు మళ్ళీ వస్తే అప్పుడు వేస్తాను" అన్నారు. మర్నాడు ఆరాధన అయ్యేక బేబీ నన్నూ లాక్కెళ్ళింది. ప్రతి గుమ్మంలోనూ నా చేతే మాట్లాడించింది. "ఆయ్, నేనేనండి, బాగానే ఉన్నానండి." అదే నాకొచ్చిన మాట. వాళ్ళు నవ్వి, "రేపు పిల్లలకి నాలుగిడ్లీ తీసుంచు ఎలీసమ్మా" అనేవారు. వచ్చేరే! అందరూ వచ్చేరు.

ఈస్టర్ వెళ్ళింది. అన్నయ్య కువైట్ మాటెత్తలేదు. ఆ సాయంత్రం మీ నాన్న నా కొంగు పట్టుకుని, "అమ్మా, ఇంక వెళ్ళవు కదా" అన్నాడు. నేను కొంగుతో వాడి మొహం తుడిచేను. బేబీయే వాణ్ణి చంకనెత్తుకుంది. "ఎక్కడికెళ్తుందిరా? ఇక్కడే ఉందని ఊరంతా వచ్చి చూసి వెళ్ళేరు కదా" అంది.

...

పప్పు నానిందేమో చూడవే.